ముప్పై ఏడు

ఫైరింజన్ను వాకిట్లోకి తోలేసి
అది నిలబడే చోట మడత బల్ల వేశాం.
నేల మీద నూనె మరక,
దాని మీద అట్టముక్క పరిచాడు టోబిన్.
వెస్ట్ వర్జీనియా, ఏప్రిల్, శనివారం.
కొండను ఇంకా చలి వదల్లేదు,
కాఫీ మాత్రం మరిగి మరిగి తారైంది.

"వాడని మాత్రలు ఇక్కడిచ్చేయండి. పేరు అడగం."
బోర్డు మీద రాసింది నేనే.
ఇరవై రెండేళ్ళు స్కూలు బస్సు తోలిన చెయ్యి,
అక్షరాలు కూడా మలుపుల్లో ఒరిగిపోతాయి.

మొదట ఓర్ఫా గిలెస్పీ వచ్చింది,
కుట్టుదారాల రేకు డబ్బాతో.
దారాల్లేవు. భర్త సీసాలు, పదకొండు.
ఒక్కో సీసా మీది చీటీని గోటితో గీకి గీకి ఊడదీసి
పర్సులో పెట్టుకుంది.
"మాత్రలు మీకు. ఆయన పేరు నాకు."
వెనకాల క్యూ పెరుగుతున్నా
తొందర పెట్టలేదు ఎవరూ.

గని బొగ్గిచ్చి వెన్ను తీసుకుంది.
వెన్నుకి బదులు డాక్టరు చీటీ రాశాడు,
నెలకో సీసా, ఆ పైన రెండు.
మందూ మాకూ అంటారే,
గని మూతపడింది, బడి మూతపడింది,
మందే మిగిలింది, మాకు.

డెప్యూటీ గుమ్మం దగ్గర కూర్చున్నాడు,
టోపీ మోకాలి మీద బోర్లించి.
అతనక్కడ ఉండాలని రూలు.
వచ్చినవాళ్ళ మొహాలు చూడకూడదని
రూలేం లేదు, అయినా
పొద్దున్నుంచీ పార్కింగు వంకే చూస్తున్నాడు.
అతనిది నా బస్సులో ఐదో వరస.
పక్క సీటు పిల్లది ఇప్పుడు లేదు.
నేను పేర్లతో గుర్తుపెట్టుకోను, స్టాపులతో గుర్తు.
సైకమోర్ మలుపు, పాత తూకం షెడ్డు, రెండో వంతెన.
ఇప్పటికీ అక్కడ కాలు
దానంతటదే బ్రేకు మీదికి పోతుంది.

మూసే వేళకి వెర్లిన్ స్టాంపర్ వచ్చాడు.
అంతకుముందు మూడుసార్లు
వాడి ట్రక్కు వీధిలో నెమ్మదించి వెళ్ళిపోయింది.
ఒకే ఒక్క సీసా.
"నలభై అని రాసుంది, రెట్టా.
ముప్పై ఏడున్నాయి.
నేనొక్కటీ మింగలేదు."
ఇంట్లో ఉండేది వాడూ, మనవడు కాల్డరూ.

ఇంటి దొంగను దేవుడైనా పట్టలేడంటారు.
పట్టుకోడానికి రాలేదు వెర్లిన్.
లేని ఆ మూడింటినీ
ఎక్కడ అప్పగించాలో తెలీక వచ్చాడు.
మా పెట్టెకి అలాంటి కంత లేదు.

తాళం ఉన్న డబ్బా ఇచ్చాను.
గురువారం చర్చి కింద గదిలో కూర్చుంటామని చెప్పాను,
కబుర్లే, ఉపదేశాలుండవని.
ముక్కులో కొట్టే మందు చేతిలో పెట్టి
టోపీనే తలగా చేసి చూపించాను:
ఇలా వెనక్కి వాల్చు. ఒక్క నొక్కు.
అంబులెన్సుకి ఫోను చెయ్యి.
పక్కకి తిప్పి పడుకోబెట్టు. వదిలి వెళ్ళకు.
గోరు లేని బొటనవేలితో
గాలిని నొక్కి చూసుకున్నాడు, రెండుసార్లు.
"ఇది ఇంట్లో పెడితే
వాణ్ణి అనుమానించినట్టు కాదూ?"
నాకు జవాబు దొరకలేదు.
తారులాంటి కాఫీ పోసిచ్చాను. తాగాడు.

చేపల పోటీకి వాడే తక్కెడ మీద తూచాం.
నలభై ఆరు పౌన్లు.
టోబిన్ ఈల వేయబోయి ఆపుకున్నాడు.

చీకట్లో రెండో వంతెన దాటాను.
వెర్లిన్ వంటింట్లో దీపం వెలుగుతోంది,
కిటికీలో రెండు తలలు,
ఒకటి వంగి ఉంది.
తింటున్నాడో, ఏడుస్తున్నాడో,
ఫోను చూసుకుంటున్నాడో.
కాల్డర్‌ది చివరి స్టాపు.
చిన్నప్పుడు నిద్రపోయేవాడు, లేపి దించేదాన్ని.
కారు ఆపాను.
తలుపు తెరిచే మీట కోసం
చెయ్యి కుడివైపు వెళ్ళింది.
ఈ కారుకి అది లేదు.